అది కదలట్లేదురా

విమానం ఎక్కేముందు నాన్నకి నేను చెప్పిన ఆఖరి మాట: "దిగేటప్పుడు మాత్రం మాట్లాడకు నాన్నా. ఏదన్నా ఉంటే కిందికొచ్చాక చెప్పు."

సరేనన్నాడు. తెనాలి డిపోలో 29 ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి. 'డ్రైవరుతో మాట్లాడరాదు' అన్న అక్షరాల పక్కనే కూర్చుని ఉద్యోగం చేసినవాడికి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇది పోయిన ఆగస్టులో జరిగింది. అమ్మ ఈ బ్లాగు చదువుతుంది కాబట్టి ఇన్నాళ్లూ రాయలేదు. ఇప్పుడు ఆవిడకి తెలిసిపోయింది. నాన్న కడుపులో ఏ మాటా ఆర్నెల్లకి మించి ఆగదు.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. నేను డాలస్ పక్కన ఫ్రిస్కోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. 2021లో ప్రైవేటు పైలట్ లైసెన్సు తెచ్చుకున్నాను. నలుగురు స్నేహితులం డబ్బులేసుకుని ఒక పాత సెస్నా 172 కొన్నాం. ఒకటే ఇంజను, నాలుగు సీట్లు, రెక్కలు నెత్తి మీద. లోపల మన అంబాసిడర్ కారు కంటే ఇరుకు. ముందు సీట్లలో ఇద్దరు కూర్చుంటే భుజాలు రాసుకుంటాయి.

ఆర్నెల్లు ఉందామని అమ్మా నాన్నా వచ్చారు. అమ్మని విమానం దగ్గరికి తీసుకెళ్తే చుట్టూ ఒకసారి తిరిగి, రెక్క మీద వేలితో కొట్టి చూసి, "ఇది రేకు కదరా" అంది. అంతే, మళ్లీ ఆ మాట ఎత్తనివ్వలేదు. నాన్న మాత్రం నేను ఆయిలు చూస్తుంటే పక్కన నిలబడి చూశాడు, డ్రైనులోంచి పెట్రోలు గ్లాసులోకి పట్టి నీళ్లున్నాయేమో చూస్తుంటే చూశాడు, చివరికి ముందు టైరుని కాలితో ఒక తన్ను తన్నాడు. గాలి సరిపోయిందన్నమాట.

శనివారం పొద్దున ఏడింటికి బయల్దేరాం. ప్లాను చిన్నదే. ఒక చిన్న ఎయిర్‌పోర్టులో దిగి టిఫిను తినడం, అక్కణ్ణుంచి ఇంకొక చిన్న ఎయిర్‌పోర్టుకెళ్లి పెట్రోలు పోయించుకోవడం (అక్కడ గాలనుకి డాలరు దాకా తక్కువ), తర్వాత ఇల్లు. మొదటిచోట పాన్‌కేక్ తెప్పించాను. నాన్న రెండు ముక్కలు తిని "దిబ్బరొట్టెలో పంచదార పోశారేంట్రా" అన్నాడు. అంతవరకూ బాగానే ఉంది.

ఈ చిన్న ఎయిర్‌పోర్టుల గురించి కొంచెం చెప్పాలి. అమెరికాలో జనం వాడుకోగల ఎయిర్‌పోర్టులు 5,000 దాకా ఉంటే, కంట్రోల్ టవర్ ఉన్నవి 500 పైచిలుకు మాత్రమే. మిగతావాటిలో "నువ్వు దిగు, నువ్వు ఆగు" అని చెప్పే మనిషి ఉండడు. ఎవరికి వాళ్లే ఒక ఫ్రీక్వెన్సీలో తామెక్కడున్నారో చెప్పుకుంటూ, కళ్లతో చూసుకుంటూ దిగాలి. దానికో పద్ధతి ఉంది. రన్‌వే చుట్టూ గాల్లో ఒక దీర్ఘచతురస్రం ఊహించుకోండి. నేలకి సుమారు వెయ్యి అడుగుల ఎత్తులో, రన్‌వేకి సమాంతరంగా, దిగాల్సిన దిక్కుకి ఎదురు దిక్కున వెళ్లేది డౌన్‌విండ్. రన్‌వే చివర దాటాక ఎడమకి తిరిగితే బేస్. మళ్లీ ఎడమకి తిరిగితే రన్‌వే కళ్లెదురుగా ఉంటుంది, అది ఫైనల్. అందరూ ఇదే వరసలో తిరిగితే ఎవడు ఎక్కడుంటాడో ఊహించొచ్చు. కానీ కొందరు దూరం నుంచే రన్‌వేకి సూటిగా గురిపెట్టుకుని నేరుగా ఫైనల్లోకి వచ్చేస్తారు. దాన్ని స్ట్రెయిట్-ఇన్ అంటారు. అది తప్పు కాదు. అయితే డౌన్‌విండ్, బేస్ తిరిగి వచ్చేవాడూ, సూటిగా వచ్చేవాడూ కలిసేది సరిగ్గా ఒక్కచోటే. అదీ ఇద్దరూ కిందికి దిగుతూ, వేగం తగ్గిస్తూ, రన్‌వే మీదే కళ్లు పెట్టుకుని ఉన్నప్పుడు.

ఇంకో చిక్కు ఉంది. ఉన్న ఫ్రీక్వెన్సీలు కాసినే. 122.7, 122.8, 123.0 లాంటి నాలుగైదు అంకెల్ని చుట్టుపక్కల ఎయిర్‌పోర్టులన్నీ పంచుకుంటాయి. పైకెక్కితే అరవై, డెబ్బై మైళ్ల అవతలివాళ్ల మాటలు కూడా వినబడతాయి. అందుకే ప్రతి మాటకీ ముందొకసారి, వెనకొకసారి ఊరి పేరు చెప్పాలి. కొన్నాళ్లకి చెవికి అలవాటైపోతుంది. మనది కాని ఊరి పేరు వినబడగానే మిగతా వాక్యాన్ని అది వదిలేస్తుంది. రైల్వే స్టేషన్లో అనౌన్సుమెంటు విన్నట్టే.

టిఫిను చేసిన ఎయిర్‌పోర్టు ఫ్రీక్వెన్సీ 122.7. వెళ్లాల్సినదాని ఫ్రీక్వెన్సీ 123.0. మా రేడియోలో ఎడమపక్క వాడుతున్న అంకె, కుడిపక్క తర్వాత వాడబోయే అంకె కనబడతాయి. ముందు కుడిపక్క తిప్పి పెట్టుకుని, మధ్యలో ఉన్న చిన్న బటన్ నొక్కితే రెండూ తారుమారవుతాయి. నేను 123.0 తిప్పి పెట్టాను. బటన్ మీదకి వేలు కూడా వెళ్లింది. సరిగ్గా అప్పుడే నాన్న కిటికీలోంచి చూస్తూ, "అదేం చెరువురా, మన కృష్ణ అంత ఉంది" అన్నాడు. టెక్సోమా నాన్నా, అవతల ఒడ్డు ఓక్లహోమా అని చెప్పాను. రెడ్ రివర్ మీద ఆనకట్ట కట్టారని కూడా చెప్పాను. ప్రకాశం బ్యారేజీ మాటొచ్చింది. వేలు వెనక్కొచ్చేసింది. బటన్ నొక్కలేదు.

తొమ్మిదిన్నరకే ఎండ మండిపోతోంది. ఐప్యాడ్‌ని అద్దం మీద తగిలించి పెట్టుకుంటాను, దాంట్లో చుట్టూ ఉన్న విమానాలు చిన్న బాణాల్లా కనబడతాయి. ఏడీఎస్-బీ అంటారు. 2020 జనవరి 1 నుంచి పెద్ద ఎయిర్‌పోర్టుల చుట్టుపక్కల ఎగిరే విమానాలకి అది తప్పనిసరి చేశారు. ప్రతి విమానం తానెక్కడున్నదీ తానే చెప్పుకుంటూ పోతుంది, మిగతావాళ్లు తెర మీద చూసుకుంటారు. ఆ రోజు తెర మీద ఏమొచ్చిందో టెక్సాస్‌లో ఎగిరేవాళ్లందరికీ తెలుసు. ఐప్యాడ్ వేడెక్కింది, చల్లారేదాకా వాడొద్దు అని ఒక ఎర్ర గుర్తు. తెరంతా నలుపు. నాన్న దాన్ని తాకి చూసి చెయ్యి తీసేసుకున్నాడు. సరేలే, ఊరు దగ్గరికొచ్చేశాం, కళ్లున్నాయి కదా అనుకున్నాను.

గాలి దక్షిణం నుంచి. కాబట్టి దక్షిణం వైపు ముక్కు పెట్టి దిగే రన్‌వే 17, ఎడమ మలుపులు. ఊరి పేరు చెప్పి, తెల్ల సెస్నా, లెఫ్ట్ డౌన్‌విండ్, రన్‌వే వన్ సెవెన్ అని చెప్పి, మళ్లీ ఊరి పేరు చెప్పాను. 122.7లో.

జవాబేం లేదు. ఎవరూ లేరన్నమాట. వేరే ఊళ్లవాళ్లు మాట్లాడుకుంటున్నారు, కాబట్టి రేడియో బాగానే పనిచేస్తోంది. ఒకావిడ గొంతు వినబడింది, "ఆ ఊరి పేరు చెప్తున్న సెస్నా, ఫ్రీక్వెన్సీ ఓసారి చూసుకో" అని. ఆ ఊరి పేరే చెప్పింది. సెస్నా అని కూడా అంది. నాకు స్పష్టంగా వినబడింది. ఎవడో పాపం, రాంగ్ ఫ్రీక్వెన్సీలో ఉన్నాడు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఆ ఎవడో నేనే అయ్యుంటాననే ఆలోచన ఎందుకు రాలేదో ఇప్పటికీ చెప్పలేను.

బేస్‌లోకి తిరిగాను. ఇప్పుడు ముక్కు పడమటికి ఉంది, రన్‌వే నా ఎడమ పక్కన. ఫైనల్లో ఎవరన్నా సూటిగా వస్తుంటే ఉత్తరం నుంచి, అంటే నా కుడి పక్క నుంచి రావాలి. ఫైనల్‌కి తిరిగేముందు కుడిపక్క చూడాలి. చూశాను. కుడి కిటికీ నిండా నాన్న తల, దాని మీద పచ్చ రంగు హెడ్‌సెట్. భుజాలు రాసుకునే సీట్లు కదా. తల కాస్త ముందుకి వంచి దాటించి చూడాలి. నేను చూసినట్టు చేశాను, అంతే. కళ్లు వెంటనే ఎడమకి, రన్‌వే మీదకి వెళ్లిపోయాయి.

నాన్న చెయ్యి నా మోకాలి మీద పడింది.

"ఒరేయ్, ఆ తెల్లదేంట్రా?"

"వాటర్ ట్యాంకు నాన్నా." ఇక్కడ ప్రతి ఊరికీ ఊరి పేరు రాసిన తెల్ల ట్యాంకు ఒకటి ఉంటుంది. పొద్దుణ్ణుంచి నాన్నకి నాలుగు చూపించాను. తలతిప్పకుండానే చెప్పాను.

"అది కదలట్లేదురా."

కదలకపోతే ట్యాంకే కదా అని నోటిదాకా వచ్చింది.

"పెద్దదవుతోంది."

అప్పుడు నాన్న ఒక పని చేశాడు. ఏమీ అరవకుండా, వీపుని సీటుకి గట్టిగా అదిమి, తల వెనక్కి లాక్కున్నాడు, నాకు కిటికీ ఖాళీ చేస్తూ. కిటికీలో ఒక ముక్కు ఉంది. ముక్కుకి అటూ ఇటూ గీత గీసినట్టు రెక్కలు. కింద మూడు చక్రాలు. ప్రొపెల్లర్ తిరుగుతున్న చోట ఒక మసక గుండ్రం. మా ఎత్తుకి కాస్త పైన, మా వైపే.

తర్వాతివన్నీ కలిపి నాలుగైదు సెకన్లు ఉంటాయేమో. థ్రాటిల్ పూర్తిగా ముందుకి తోశాను. ముక్కు పైకి లాగమని చెయ్యి కొట్టుకుంటోంది. పైన ఆయనున్నాడు, లాగకూడదు. ఎడమకి గట్టిగా తిప్పేద్దామన్నా భయమే. అంత కింద, అంత తక్కువ వేగంలో రెక్క బాగా వాల్చి ముక్కు లాగితే విమానం సుడి తిరిగి నేలకి తగులుతుంది. బేస్ నుంచి ఫైనల్‌కి తిరిగే మలుపులో పైలట్లు పోయేది ఎక్కువగా అలాగే. శిక్షణలో నూరిపోసిన మాట అది. ముక్కు కాస్త దించి, వేగం పెరగనిచ్చి, ఎడమకి తిరిగి, రన్‌వే గీత దాటకుండా దానికి తూర్పు పక్కనే ఉండిపోయాను. అవతలాయన కూడా అప్పుడే చూసినట్టున్నాడు. కుడికి ఒరిగి పైకి లేచాడు. ఒరిగినప్పుడు విమానం అడుగు కనబడింది. తెల్లటి పొట్ట, ఇంజను దగ్గర్నుంచి వెనక్కి సాగిన నల్లటి నూనె చారలు. ఆ చారలు ఇప్పటికీ నాకు కలలో వస్తాయి.

నాన్నేమీ అనలేదు. చెయ్యి ఇంకా నా మోకాలి మీదే ఉంది.

రన్‌వే పక్కగా ఎగిరి, మళ్లీ పైకెక్కి, డౌన్‌విండ్‌లోకి వచ్చి, మైకు నొక్కబోతూ రేడియో వంక చూశాను. ఎడమపక్క 122.7. బటన్ నొక్కాను. నొక్కీ నొక్కగానే చెవిలో ఒక ముసలి గొంతు, ఎంత నెమ్మదిగా ఉందంటే, ఏడుపొచ్చింది. "సెస్నా, డౌన్‌విండ్‌లో ఉన్న సెస్నా, నా మాట వినబడుతోందా?"

ఇప్పుడు వినబడుతోందండీ అన్నాను. నువ్వు ముందు దిగు, నేను వెనకొస్తాను అన్నారాయన.

దిగాం. పెట్రోలు పంపు దగ్గర ఆపి ఇంజను కట్టేశాక, తలుపు గొళ్లెం తియ్యడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సొచ్చింది. వేళ్లు పట్టు దొరకట్లేదు. నాన్న హెడ్‌సెట్ తీసి వైరు పద్ధతిగా చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. అప్పుడన్నాడు, "నువ్వు ఎడమకి తిప్పగానే కనబడిందిరా. మాట్లాడొద్దన్నావు కదా, నీకూ కనబడే ఉంటుందిలే అనుకున్నా."

నాకు కడుపులో దేవినట్టయింది. అంత దగ్గరగా విమానాన్ని చూసినప్పుడు కూడా అలా కాలేదు.

మరెందుకు చెప్పావు అంటే, సూర్యాపేట సంగతి చెప్పాడు. హైదరాబాద్ నైట్ సర్వీసు నడిపేటప్పుడు రాత్రి రెండింటికి హైవే మీద ముందు ఎర్ర లైటు కనబడుతుంది. అది నడుస్తున్న బండో, ఆగిపోయిన లారీయో దూరం నుంచి తెలీదు. లైటు అటో ఇటో జరుగుతుంటే పర్లేదు. ఉన్నచోటే ఉండి లావవుతుంటే మాత్రం కాలు బ్రేకు మీద ఉండాలి. "నీ తెల్లది కూడా అద్దంలో ఒకేచోట అతుక్కుపోయింది. ట్యాంకైతే మనం ముందుకెళ్తుంటే వెనక్కి పోవాలి కదా."

ఇది నాకు పుస్తకంలో చెప్పిన పాఠమే. రెండు విమానాలు ఢీకొనే దారిలో ఉంటే, ఒకదానికి రెండోది అద్దంలో కదలకుండా ఒక్కచోటే కనబడుతుంది. పక్కకి జరిగిపోయేది మనల్ని తగలదు. మన కన్నేమో కదిలేదాన్ని ఇట్టే పట్టుకుంటుంది, కదలనిదాన్ని అద్దం మీద మరకనుకుని వదిలేస్తుంది. అదీ చాలాసేపు చుక్కలాగే ఉండి, ఆఖరి కొన్ని సెకన్లలో ఒక్కసారిగా ఉబ్బుతుంది. పరీక్షలో ఈ ప్రశ్నకి నేను సరైన జవాబే రాశాను.

ఈలోపు ఆయన దిగి, తన విమానాన్ని మా పక్కనే ఆపారు. బొనాంజా. డెబ్బై దాటుంటాయి, ప్యాంటుకి సస్పెండర్లు, చేతిలో రెండు మంచినీళ్ల సీసాలు. ఒకటి ముందు నాన్నకిచ్చారు. తర్వాత నన్నడిగారు, "నీ రేడియో బాగానే ఉందా?"

జరిగింది చెప్పాను. బటన్ సంగతీ, ఐప్యాడ్ సంగతీ. ఆయన పది మైళ్లప్పుడూ, ఐదు మైళ్లప్పుడూ, మూడు మైళ్లప్పుడూ చెప్పారట. మీ తెర మీద నేను కనబడలేదా అని అడిగాను. నా విమానం తన చోటు తాను చెప్పుకుంటూనే ఉంది కదా. ఆయన నేల చూపులు చూశారు. ఎయిర్‌పోర్టు దగ్గరికొస్తే ఆ యంత్రం నేల మీద ఆగున్న విమానాలక్కూడా 'ట్రాఫిక్, ట్రాఫిక్' అని అరుస్తుంది, చిరాకేసి నోరు నొక్కేశాను అన్నారు.

మధ్యలో దూరమెంతుంటుందని ఇద్దరం లెక్కేసుకున్నాం. ఆయన రెండొందల అడుగులన్నారు, నేను మూడొందలన్నాను. రెండు విమానాలు 500 అడుగుల కంటే దగ్గరికొస్తే ఇక్కడి లెక్కలో అది నియర్ మిస్. ఎటు చూసినా మాది అందులోకే వస్తుంది.

తప్పెవరిదంటే, రూలు ఆయన పక్షానే ఉంది. ఫైనల్లో ఉన్నవాడికి మిగతావాళ్లు దారివ్వాలి. సూటిగా వచ్చేవాళ్లు రౌండులో ఉన్నవాళ్ల వరసని చెడగొట్టకూడదని కూడా ఉందనుకోండి. కానీ సరైన ఫ్రీక్వెన్సీలో లేనివాడు, కుడిపక్క చూడనివాడు ఆ వాదన చెయ్యకూడదు. చెయ్యలేదు. ఆయనా ఒక్క మాట తూలలేదు. వెళ్లేటప్పుడు నాన్న చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపి, "మీ నాన్నని మళ్లీ తీసుకురా" అన్నారు నాతో. నాన్న నీళ్లసీసా పైకెత్తి చూపిస్తూ "థాంక్యూ సార్" అన్నాడు. ఆయన వెళ్లాక, "మన దగ్గరైతే ఈపాటికి కాలర్లు పట్టుకునేవాళ్లం" అన్నాడు.

ఇంటికి తిరిగెళ్లే దారిలో నాన్న ఒకటే ప్రశ్న. పెద్ద విమానాల్లో ఏదో ఉంటుంది కదా, ఎదురుగా ఇంకోటొస్తే పైకెక్కు, కిందికి దిగు అని అదే చెప్తుందట కదా, అది దీంట్లో ఎందుకు లేదు? 1996లో హర్యానాలో చర్ఖీ దాద్రీ దగ్గర సౌదీ విమానం, కజక్ విమానం గాల్లో గుద్దుకుని 349 మంది పోవడం నాన్నకి బాగా గుర్తు. డిపోలో పేపరు చుట్టూ మూగి చదివారట. ఆ తర్వాతే మన దేశంలో పెద్ద విమానాలన్నిటికీ ఆ యంత్రం తప్పనిసరి చేశారు. టీకాస్ అంటారు. దాని ఖరీదుకి మా సెస్నా లాంటివి ఒకటో రెండో వస్తాయని చెప్పాను. "మరి దీంట్లో ఏముంది?" అన్నాడు. కళ్లున్నాయి నాన్నా. చూడు, తప్పుకో. మా చదువంతా ఆ రెండు మాటలే.

ఆ రాత్రి నిద్రపట్టక లెక్కలు వేశాను. ఇక్కడి విమానయాన సంస్థ ఎఫ్ఏఏ కాగితంలో ఒక పట్టిక ఉంది. కంటికి ఆనిన దగ్గర్నుంచి, అది విమానమని గుర్తించి, గుద్దుతుందని తెలుసుకుని, ఎటు తిరగాలో తేల్చుకుని, చెయ్యి కదిపి, విమానం నిజంగా దారి మళ్లేదాకా 12.5 సెకన్లు. అందులో గుద్దుతుందని తెలుసుకోడానికే 5. ఆయన వేగం 100 నాట్లు (ఒక నాట్ అంటే గంటకి దాదాపు 1.85 కిలోమీటర్లు), నాది 70 అనుకుంటే, అడ్డంగా కలిసే దారిలో మా మధ్య దూరం సెకనుకి 200 అడుగుల చొప్పున తరిగిపోతోంది. అంటే అర మైలు లోపు చూస్తే చూసినా లాభం లేదు. నాన్న ఆ అర మైలుకి ముందే చూశాడు. చూసి, నేను చెప్పినట్టే నోరు మూసుకుని కూర్చున్నాడు.

తర్వాత చాలా రోజులు ఇలాంటివే చదువుతూ కూర్చున్నాను. ఆఫీసు పని వదిలేసి మరీ. డెన్వర్ దగ్గర సెంటెనియల్ ఎయిర్‌పోర్టులో 2021 మే 12న జరిగింది ఇంకా నమ్మబుద్ధి కాదు. పక్కపక్కన రెండు రన్‌వేలు, టవర్ కూడా ఉంది. ఒక సిరస్ విమానం తన ఫైనల్ మలుపు దాటిపోయి పక్క రన్‌వేకి దిగుతున్న మెట్రోలైనర్ అనే రెండింజన్ల విమానం నడుముని చీల్చేసింది. సిరస్‌కి పారాచూట్ ఉంటుంది, విమానం మొత్తానికి. దాంతో ఇద్దరూ నేలకి దిగారు. మెట్రోలైనర్ పైలట్ ఒక్కడే ఉన్నాడు, పైకప్పు తెరుచుకుపోయిన విమానాన్ని మామూలుగానే దింపేశాడు. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. ఆ ఫొటో చూడండి ఒకసారి.

వాట్సన్‌విల్ మాత్రం చదవలేకపోయాను, మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టాల్సొచ్చింది. కాలిఫోర్నియా, 2022 ఆగస్టు 18. టవర్ లేదు. చిన్న సెస్నా 152లో ఒకతను రౌండ్లు కొడుతూ ల్యాండింగులు ప్రాక్టీసు చేసుకుంటున్నాడు. రెండింజన్ల సెస్నా 340 ఒకటి సూటిగా ఫైనల్లోకి వచ్చింది, దాదాపు 180 నాట్ల వేగంతో. ఇద్దరూ ఒకే ఫ్రీక్వెన్సీలో ఉన్నారు, ఇద్దరూ తామెక్కడున్నారో చెబుతూనే ఉన్నారు. నువ్వు మరీ వేగంగా మీదికొస్తున్నావు, నేను దిగకుండా పైకెళ్తాను అని చిన్న విమానం అతను రేడియోలో అన్నాడు కూడా. ముగ్గురు చనిపోయారు. అప్పటిదాకా నేను, ఆ బటన్ ఒక్కటి నొక్కుంటే ఏమీ అయ్యుండేది కాదని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

మా సంగతికి నెల ముందే, 2025 జూలైలో, కెనడాలో మానిటోబా రాష్ట్రం స్టైన్‌బాక్ దగ్గర ఇద్దరు విద్యార్థులు ఇలాగే దిగుతూ ఎక్కుతూ ప్రాక్టీసు చేస్తూ ఢీకొని పోయారు. ఒకరు కేరళ కుర్రాడు. ఆ వార్త నాన్న టీవీలో చూశాడట. నాతో ఎక్కేముందు గుర్తొచ్చిందట కూడా. నాకు చెప్పలేదు.

నాసా వాళ్లకి రిపోర్టు రాశాను. రాకెట్ల నాసానే. 1976 నుంచి పైలట్ల తప్పుల్ని, దగ్గరగా తప్పిపోయిన ప్రమాదాల్ని వాళ్లు సేకరిస్తున్నారు. కావాలని చేసిన తప్పు కాకపోయి, పది రోజుల్లోపు రాసి పంపితే, తర్వాత ఎఫ్ఏఏ కేసు పెట్టినా మామూలుగా శిక్ష వెయ్యరు. పేరూ ఊరూ ఉన్న ముక్కని వేరు చేసి మనకే తిప్పి పంపేస్తారు. ఫారంలో 'మళ్లీ ఇలా జరక్కుండా ఏం చెయ్యొచ్చు' అని అడిగినచోట బటన్ గురించీ ఐప్యాడ్ గురించీ రాయడం తేలికైంది. నాన్నని మాట్లాడొద్దన్న సంగతి రాయడానికి గంట పట్టింది. ఇంగ్లీషులో ఎలా రాసినా ఆ సంగతి కుదర్లేదు.

అక్టోబరులో, తిరుగు ప్రయాణానికి వారం ముందు, నాన్న తనే అడిగాడు. "ఇంకోసారి పోదామా? అమ్మ గుడికెళ్తానంటోంది ఆదివారం."

ఈసారి ఎక్కేముందు చెప్పింది వేరు. ఏది కనబడినా చెప్పు, ఎప్పుడు కనబడినా చెప్పు, నేను రేడియోలో మాట్లాడుతున్నా చెప్పు. అలా అన్నందుకు అనుభవించాను. టేకాఫ్ అయిన దగ్గర్నుంచి కామెంటరీ. అదిగో గద్ద. అదిగో ఇంకో గద్ద. ఎడమపక్క విమానం (నిజమే, నాకంటే ముందే చూశాడు, మూడు మైళ్ల దూరంలో ఉంది). కింద లారీ.

"కిందవి వద్దు నాన్నా."

"ఏది కనబడినా అన్నావు."

అదే ఎయిర్‌పోర్టు, అదే రన్‌వే. రేడియోలో ఎడమపక్క 123.0 ఉందని నేను చూసి, నాన్నకి కూడా చూపించి, అంకెలు పైకి చదివించాను. డౌన్‌విండ్ దాటి బేస్‌లోకి తిరిగాను. నాన్న చెప్పకముందే వీపుని సీటుకి అదిమి తల వెనక్కి పెట్టుకున్నాడు. నేను ముందుకి వంగి కుడి కిటికీలోంచి ఉత్తరమంతా చూశాను. ఆకాశం, దూరంగా నిజంగానే ఒక వాటర్ ట్యాంకు. ఇక తిరగొచ్చు.

"రైట్, రైట్!" అన్నాడు నాన్న గట్టిగా.

గుండె జారిపోయింది. తల మళ్లీ కుడికి తిప్పాను. ఏమీ లేదు. ఎక్కడ, ఎక్కడ అని అరిచాను.

"ఎక్కడేంట్రా? ఖాళీగా ఉంది, పోనివ్వమంటున్నా," అన్నాడు. 29 ఏళ్లు కండక్టర్ల నోటి నుంచి విని బస్సు కదిలించినవాడు, జీవితంలో మొదటిసారి ఆ మాట తను అన్నాడు.